రక్తం ఎక్కించడానికి మళ్లీ సంతకం ఎందుకు?

ఆపరేషన్‌కు సంతకం పెట్టాక రక్తం ఎక్కించడానికి మళ్లీ ఎందుకు అడుగుతున్నారు, ఇదంతా ఆసుపత్రివాళ్లు తప్పించుకోవడానికేనా అని అడిగారు. చాలా ఏళ్లుగా వార్డులో నర్సుగా చేస్తున్నాను. మీ అనుమానం కొంతవరకు నిజమే. అయినా ఆ కాగితం మీకే ఎక్కువ పనికొస్తుంది.

ఆపరేషన్‌తో వచ్చే ఇబ్బందులు వేరు, రక్తంతో వచ్చేవి వేరు. మేం ఎక్కువగా చూసేవి జ్వరం, చలి, దద్దుర్లు. గుండె, కిడ్నీలు బలహీనంగా ఉన్న పెద్దవాళ్లకు గబగబా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం రావచ్చు. ఇది చాలామంది ముందుగా చెప్పరు. అందరూ భయపడేది హెచ్‌ఐవీ, హెపటైటిస్ గురించి. పరీక్షలు చేశాకే రక్తం ఇస్తారు కాబట్టి ఆ ప్రమాదం బాగా తక్కువ, అసలు లేదని మాత్రం అనలేం. నన్నడిగితే, ఒకరి బ్యాగ్ ఇంకొకరికి తగిలించడమే అంతకన్నా భయపడాల్సిన విషయం. అందుకే "మీరు ఫలానా కదా?" అని అడగం, మగతలో ఉన్నవాళ్లు దేనికైనా ఊ అనేస్తారు. "మీ పేరు చెప్పండి" అని అడిగి, చేతి బ్యాండు, బ్యాగ్ నంబరు, గ్రూపు ఇద్దరం కలిసి సరిచూస్తాం. అడిగిందే అడుగుతున్నారని విసుక్కోకండి.

సంతకాల్లో నాకు నచ్చనిది, అడిగే సమయం. బ్యాగ్ స్టాండుకు తగిలించాక ఫారం చేతికిస్తే ఎవరు చదువుతారు? ఫ్రిజ్‌లోంచి తీసిన బ్యాగ్ 4 గంటల్లోపు పూర్తికావాలి, అప్పుడు మాకూ తొందరే. రక్తం కోసం రాసిన రోజే మాట్లాడాలి, అదీ పేషెంటుతోనే. ఒకసారి పెద్దాయన మంచం మీద కూర్చుని పేపరు చదువుతుంటే, ఫారం వరండాలో ఉన్న కొడుక్కి ఇచ్చారు. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని "రక్తం నాకా, వాడికా?" అన్నాడు. డ్యూటీ డాక్టరు నవ్వేసి, కుర్చీ లాక్కుని మొదటినుంచీ చెప్పారు.

హిమోగ్లోబిన్ ఎంతుందో అడగండి. నిలకడగా ఉన్నవాళ్లకు సాధారణంగా 7 గ్రాముల కంటే తగ్గితే, గుండెజబ్బు ఉంటే 8 దగ్గర రక్తం గురించి ఆలోచిస్తారు. ఇవి కూడా అడగండి: ఐరన్ ఇంజెక్షన్‌తో ఆగొచ్చా? ఒక యూనిట్ (అంటే ఒక బ్యాగ్) ఎక్కించి, చూశాక రెండోదాని సంగతి తేల్చవచ్చా? పిల్లలకు కాకుండా పెద్దలకైతే ఒక యూనిట్‌కు హిమోగ్లోబిన్ సుమారు 1 గ్రాము పెరుగుతుంది. రక్తం కారిపోతుంటే మాత్రం ఈ లెక్కలు పట్టుకుని కూర్చోకూడదు.

వద్దనే హక్కూ ఉంది, కాకపోతే వద్దంటే ఏమవుతుందో వివరంగా విన్నాకే చెప్పండి. స్పృహ లేదు, ప్రాణం మీదికొచ్చింది అంటే సంతకం కోసం ఆగరు, పేషెంటు ముందే వద్దని రాసిపెట్టి ఉంటే తప్ప. తేరుకున్నాక ఆ సంగతి చెప్పాలి.

ఎక్కించడం మొదలయ్యాక, ముఖ్యంగా మొదటి 15 నిమిషాల్లో, వణుకు, నడుంనొప్పి, ఆయాసం ఏది అనిపించినా వెంటనే పిలవండి. సంతకం పెట్టేశాక కూడా ఆపమని అడగవచ్చు.