చీరిమి అందామా, వలువలపు అందామా?

ప్రశ్న: మా అమ్మ కట్టిన బండారులంక నూలు చీర ఒకటి నా దగ్గర ఉంది. పచ్చ అంచు తప్ప మిగతా రంగంతా వెలిసిపోయింది. ఎన్ని కొత్తవి కొన్నా, ఇంట్లో ఉన్నప్పుడు నా చేయి దాని మీదికే పోతుంది. ఈ ఇష్టానికి ఒక పేరు ఉండాలి కదా అంటుంది మా అమ్మాయి. మమకారం అంటే ఒప్పుకోవడం లేదు. సరదాగా ఒక కొత్త మాట చెప్పండి. ఆ చీరతో బొంత కుట్టించమని కూడా అడుగుతోంది. కుట్టించమంటారా?
— ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: మీ అమ్మాయి చెప్పిందే నిజమమ్మా. 'మమ' అంటే 'నాది'. మమకారంలోకి ఇల్లూ, పొలమూ, కొబ్బరితోటా అన్నీ వస్తాయి. ఉతికి ఉతికి మెత్తబడిన బట్ట ఒంటికి తగిలినప్పుడు కలిగే ఇష్టం వేరు. వస్త్రాభిమానం అనవచ్చు కానీ ఆ మాటకు గంజి పెట్టినంత బిగువు ఉంది. మీ చీరలో గంజి ఎప్పుడో పోయింది.

నాకు మొదట తోచిన మాట వలువలపు. వలువ అంటే బట్ట, వలపు అంటే ప్రేమ. ఒకదాని చివరా, ఇంకోదాని మొదటా ఉన్నది 'వ'యే కాబట్టి రెండూ చక్కగా అతుక్కున్నాయి. "నీ వలువలపు తర్వాత, ముందు ఆ చొక్కా ఉతకడానికి ఇవ్వు" అని ఇంట్లో హాయిగా అనుకోవచ్చు.

రెండోది చీరిమి. చెలి నుంచి చెలిమి వచ్చింది, ఓర్చు నుంచి ఓరిమి వచ్చింది, చీర నుంచి చీరిమి ఎందుకు రాకూడదు? ఇది ఆడవాళ్ల మాటే అనుకోకండి. నారచీరలు కట్టి అడవికి వెళ్లినవాడు రాముడు. చీరడం అంటే చింపడం కదా అని ఎవరైనా అడ్డుపడితే, పాత తెలుగులో 'చీరు' అంటే పిలవడం కూడా అని చెప్పండి. బీరువా తెరవగానే అన్ని చీరల మధ్య నుంచి ఆ ఒక్కటే మిమ్మల్ని పిలవడం లేదూ? నాకు ఈ మాటే ఎక్కువ నచ్చింది.

1986 ఆగస్టులో గోదావరి వరద మా లంకలోకి వచ్చినప్పుడు, మా నాయనమ్మ విత్తనాల మూటతో పాటు అటకెక్కించింది తన పాత చీరలతో కుట్టిన బొంతనే. పట్టుచీర ఉన్న పెట్టె ఆ తర్వాత గుర్తొచ్చింది. ఆవిడ చేసిన ఆ పనికి ఇన్నాళ్లూ నా దగ్గర పేరు లేదు.

ఇక బొంత సంగతి. పాత నూలు ముందుగా మడతల దగ్గరే పిగులుతుంది. చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మడత వెంట దారాలు విడిపోతూ ఉంటే ఇక కట్టకండి, సూదిని తట్టుకునే బలం ఉండగానే కుట్టించండి. గట్టిగా ఉంటే మరికొన్నాళ్లు కట్టుకోండి, మడత మాత్రం ప్రతిసారీ మార్చండి. కుట్టించే రోజున ఆ పచ్చ అంచు పై వైపున, కప్పుకున్నప్పుడు మీ అమ్మాయి బుగ్గకు తగిలేలా రావాలని కుట్టేవారికి మరీమరీ చెప్పండి.