మధురవాణికి ఏడుపు సినిమాలు వద్దు

గురజాడ కన్యాశుల్కం నాటకంలో మధురవాణి ఇప్పుడుంటే ఏ సినిమాలు, ఏ సిరీస్‌లు చూడమని చెప్తారు అని అడిగారు కదా. ఈ ప్రశ్న ఎవర్ని అడిగినా ఠక్కున వచ్చే పేర్లు పాకీజా, ఉమ్రావ్ జాన్, ఈమధ్య అయితే హీరామండీ. వేశ్య కాబట్టి వేశ్యల కథలు. నాకు మాత్రం ఆ లెక్క అస్సలు నచ్చదు, మధురవాణికి సినిమా చెప్పాలంటే ఆమె వృత్తి పక్కనపెట్టి బుర్ర చూసి చెప్పాలి.

ఊరికే అనట్లేదు. మా నాటకాల గ్రూపులో కన్యాశుల్కం సీన్లు కొన్ని వేద్దామని రిహార్సల్స్ మొదలెట్టినప్పుడు మధురవాణి వేసే అమ్మాయి ఎంతో సిన్సియర్‌గా అలాంటి సినిమాలన్నీ చూసొచ్చింది, చూసొచ్చి ప్రతి డైలాగూ గొంతు పూడుకుపోయినట్టు చెప్పడం మొదలెట్టింది. మొదటి అంకంలో మధురవాణి ఇంట్లో రామప్పంతులు మంచం కింద దాక్కుని ఉంటాడు, పూటకూళ్ళమ్మ చీపురుకట్టతో వస్తోందనేసరికి గిరీశం కూడా అదే మంచం కిందికి దూరతాడు, చివరికి దెబ్బలు పంతులు తింటాడు, గిరీశం జారుకుంటాడు. ఆ సీన్లో కూడా ఈ అమ్మాయి మొహంలో దిగులే! అక్కడ మధురవాణి నవ్వు ఆపుకోలేక చావాలి కదండీ. అందుకని మేమిద్దరం కూర్చుని, మధురవాణి అయితే ఏది చూసి పడీపడీ నవ్వుతుంది, ఏది చూసి ఆలోచనలో పడుతుంది అని వెతుక్కుంటూ చాలా చూశాం. కింద చెప్పేవి అందులో నిలబడినవి.

మొట్టమొదట మాయాబజార్. అందరికీ తెలిసిన సినిమానే కానీ మధురవాణి కళ్ళతో ఒకసారి చూడండి. కన్యాశుల్కంలో ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టిన పెళ్ళికూతురు ఎవరు, ఆడవేషం కట్టిన కుర్రాడు, కరటకశాస్త్రి శిష్యుడు. లక్ష్మణకుమారుడి పక్కన పీటల మీద కూర్చున్నది ఎవరు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. రెండూ ఒకటే ఎత్తు! పైగా 1955లో వచ్చిన కన్యాశుల్కం సినిమాలో మధురవాణి వేసిన సావిత్రే రెండేళ్ళకి ఈ మాయా శశిరేఖ కూడా వేసింది. అహ నా పెళ్ళంట పాటలో ఆమె నడక చూడండి, సిగ్గుపడే పిల్లలా వయ్యారంగా మొదలై ఉన్నట్టుండి రాక్షసుడి అంగలు పడతాయి, మళ్ళీ క్షణంలో పిల్ల అయిపోతుంది. ఒక ఆడమనిషి, ఆడపిల్లలా నటిస్తున్న మగవాడిగా నటించడం అది. మా అమ్మాయి ఈ పాట పదేపదే వెనక్కి తిప్పి చూసింది, మర్నాటి రిహార్సల్‌కి ఆ గొంతులో జీర పోయింది, రామప్పంతులితో మాట్లాడేటప్పుడు కంటిచివర చిన్న కొంటెతనం వచ్చి కూర్చుంది. మాకు కావాల్సింది అదే.

ఇంగ్లీషులో అయితే బిల్లీ వైల్డర్ తీసిన రెండు సినిమాలు చెప్తాను. ఒకటి సమ్ లైక్ ఇట్ హాట్, 1959. గ్యాంగ్‌స్టర్ల నుంచి తప్పించుకోడానికి ఇద్దరు మ్యూజీషియన్లు ఆడవేషాలు కట్టి లేడీస్ బ్యాండులో చేరతారు, అందులో ఒకడి మీద ఒక ముసలి కోటీశ్వరుడు మనసు పారేసుకుంటాడు. రాత్రంతా ఆ ముసలాయనతో డాన్స్ చేసొచ్చి, చేతిలో గిలక్కాయలు ఆడించుకుంటూ, నాకు పెళ్ళి కుదిరిందోచ్ అని మురిసిపోయే సీను ఉంది చూశారా, లుబ్ధావధాన్లు గుర్తురాకుండా చూడ్డం నావల్ల కాలేదు.

రెండోది విట్నెస్ ఫర్ ది ప్రాసిక్యూషన్, 1957. ఇది మధురవాణి కోసమే తీశారా అనిపిస్తుంది. హత్యకేసు, పేరుమోసిన లాయరు, ఆయన అంచనాకి అందని ఒక ఆడమనిషి. లాయరుకి ఒక అలవాటు, ఎదుటివాళ్ళు నిజం చెప్తున్నారో లేదో తేల్చుకోడానికి తన ఒంటికంటి అద్దంతో కిటికీ వెలుగుని వాళ్ళ మొహం మీద కొట్టి మాట్లాడిస్తాడు. నిందితుడు ఆ వెలుగులోనే జవాబు చెప్తాడు. మార్లీన్ డీట్రిక్ మాత్రం మెల్లగా లేచి వెళ్ళి కిటికీ తెర లాగేస్తుంది. అంతే. ఏడో అంకంలో మగవేషం వేసుకుని లాయరు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్ళిన మనిషికి ఈ సీన్ విలువ మనకంటే బాగా తెలుస్తుంది. ఇంకా చెప్తే సినిమా పాడైపోతుంది, ఆపేస్తున్నా.

సిరీస్‌ల్లో ఒక్కటే చెప్తాను, బెటర్ కాల్ సాల్. ఒక టక్కరి లాయరు జిమ్మీ కథ, 2015 నుంచి 2022 వరకు వచ్చింది, ఆరు సీజన్లు. లిటిగేషన్ బుర్ర కాబట్టి రామప్పంతులికి చెప్పాల్సిన సిరీస్ అనుకుంటారేమో, కాదు, ఇది కిమ్ వెక్స్‌లర్ కోసం చూడాలి. పద్ధతైన లాయరు ఆమె. ఒకరోజు బార్‌లో డబ్బు పొగరున్న ఒకణ్ణి జిమ్మీతో కలిసి దొంగపేర్లతో బోల్తా కొట్టించి, ఖరీదైన టెకీలా అంతా వాడి బిల్లులోనే తాగేసి, ఆ సీసా మూత గుర్తుగా దాచుకుంటుంది. ఆ మూత దగ్గరే నాకు భయం వేసింది, ఎందుకంటే ఆమెకి డబ్బు రుచి కాదు, ఆట రుచి తగిలింది. తర్వాత్తర్వాత ఆ ఆటే ముదిరి ఒక మనిషి ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడ మధురవాణి కూడా నవ్వడం ఆపేస్తుందని నా నమ్మకం. సుబ్బి అనే చిన్నపిల్లని లుబ్ధావధాన్లుకి కట్టబెట్టి గొంతు కోయకుండా ఆపడానికే దొంగపెళ్ళి జరిపించారు, మంచిదే, కానీ పెళ్ళికూతురు మాయమయ్యేసరికి లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు పడింది. ఎంత పిసినిగొట్టు ముసలాడైనా చెయ్యని హత్యకి శిక్ష పడకూడదని మధురవాణి విశాఖపట్నం దాకా వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పి బయటపడేసింది. కిమ్ కూడా చివర్లో నిజం చెప్తుంది, కానీ అప్పటికే ఆలస్యం అయిపోయి ఉంటుంది. ఈ తేడా మధురవాణి పట్టుకున్నంత బాగా ఇంకెవరూ పట్టుకోలేరు. నిజానికి నేను మధురవాణిని ఇంతగా ప్రేమించేదే ఇందుకు, ఎవర్నైనా ఏమార్చగలదు, కానీ చెడనివాళ్ళని చెడగొట్టొద్దన్న తల్లి మాట దాటదు.

మరి ఆ వేశ్యల కథలు మొత్తం వదిలెయ్యాలా అంటే, ఉమ్రావ్ జాన్‌లో ఖయ్యాం కట్టిన పాటలు విడిగా వినిపించండి, సంగీతం తెలిసిన మనిషి కాబట్టి చెవి కోసుకుంటుంది. ప్యాసా చూడొచ్చు, అందులో గులాబో ఏడుస్తూ కూర్చోదు, కవి పద్యాలు పుస్తకంగా వేయించేదాకా నిద్రపోదు. దేవదాసు మాత్రం వద్దు, ఆ తాగుబోతు కోసం చంద్రముఖి అన్నీ వదులుకుంటుంటే మధురవాణి టీవీ కట్టేస్తుంది. చిన్నారి పెళ్ళికూతురు సీరియల్ సంగతి వేరు, బాల్యవివాహం కథ కాబట్టి మొదటి ఎపిసోడ్లు కదలకుండా చూస్తుంది, సాగదీత మొదలయ్యాక ఓపిక పట్టదు.

వరస కావాలంటే మాయాబజార్‌తో మొదలెట్టి, వైల్డర్ సినిమాలు రెండూ వెంటవెంటనే చూపించి, సాల్ ఆఖర్న పెట్టండి. అది మొదట్లో నెమ్మదిగా నడుస్తుంది, రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో ఆ బార్ సీన్ వచ్చేదాకా మాత్రం ఎలాగైనా కూర్చోబెట్టండి, తర్వాత ఆమే లేవదు.