రిసీవర్ పెట్టెపై రాసిన వాట్లను ఎంతవరకు నమ్మవచ్చు?

భీమవరంలోని 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల మీ హాలుకు ఎక్కువ వాట్లు రాసి ఉన్న రిసీవరే (ధ్వనిని పెంచి స్పీకర్లను నడిపే యంత్రమే) మేలా అని అడిగారు. కాదు. ఆ అంకె కింద చిన్న అక్షరాల్లో ఉన్న షరతులను చదవండి: 6 ఓమ్‌లు (స్పీకర్ నిరోధం), 1 కిలోహెర్ట్జ్ (ఒకే ఒక్క స్వరం), ఒకే ఛానల్ (ఒక్క స్పీకర్‌కు వెళ్లే మార్గం), 10 శాతం వక్రీకరణ (ధ్వని రూపు చెడటం) అనే షరతులపై 150 వాట్లు చూపే యంత్రమే, 8 ఓమ్‌ల వద్ద, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు (మనిషి చెవికి వినిపించే మేరంతా), రెండు ఛానళ్లనూ నడిపి 0.08 శాతం వక్రీకరణతో కొలిస్తే 80 వాట్ల దగ్గరే ఆగిపోవచ్చు. పోల్చవలసింది ఈ రెండో అంకెనే.

పైగా వాట్లు రెట్టింపైనా పెరిగే ధ్వని 3 డెసిబెళ్లే. 87 డెసిబెళ్ల సెన్సిటివిటీ (ఒకే శక్తికి స్పీకర్ ఎంత బిగ్గరగా మోగుతుందో చెప్పే కొలత) ఉన్న స్పీకర్లకు బదులు 90 ఉన్నవి కొంటే అంతే లాభం దక్కుతుంది కనుక, మిగిలిన డబ్బును స్పీకర్లపై పెట్టడమే నా సలహా. ప్రీ-అవుట్లు (ధ్వని సంకేతాన్ని మరో ఆంప్లిఫైయర్‌కు పంపే సాకెట్లు) ఉన్న రిసీవరైతే తరువాత విడిగా ఆంప్లిఫైయర్ చేర్చుకోవచ్చు.

డెల్టా ఉక్కపోతలో రిసీవర్‌ను అద్దాల తలుపులున్న బొమ్మల షోకేసులో బిగించకండి; వేడి పైకి పోయేందుకు జానెడు ఖాళీ వదలండి. వానాకాలంలో దాని గాలి రంధ్రాల్లోకి బల్లులు కూడా దూరతాయి.