రామానుజన్ మీద రాసేముందు

చి. అమ్మడికి,

ఇంగ్లీషులోనూ కన్నడంలోనూ రాసిన కవి, అనువాదకుడు ఎ.కె. రామానుజన్ మీద వ్యాసం మొదలుపెట్టావని తెలిసి సంతోషించాను. కానీ ఆ ‘ప్రవాస వేదన’ అన్న శీర్షిక కొట్టెయ్యి. అది ఉన్నంతసేపూ ప్రతి కవితలోనూ నీకు మైసూరు మీద బెంగే కనిపిస్తుంది. ఆయన చేసిన పని కనిపించదు.

1929లో మైసూరులో తమిళ అయ్యంగార్ల ఇంట పుట్టాడు, 1959లో అమెరికా వెళ్లాడు, 1993లో షికాగోలో కన్నుమూశాడు. జీవితానికి ఇంత చాలు. ఇంగ్లీషు సంపుటి ‘ది స్ట్రైడర్స్’ 1966లో, కన్నడ సంపుటి ‘హొక్కులల్లి హూవిల్ల’ 1969లో వచ్చాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూడు, ఇంగ్లీషు కోసం కన్నడం వదిలేశాడని రాయవు.

చదవడం మాత్రం కన్నడ శివభక్తుల వచనాలకి ఆయన చేసిన ఇంగ్లీషు అనువాదం ‘స్పీకింగ్ ఆఫ్ శివ’ (1973)తో మొదలుపెట్టు. బసవన్న వచనం ‘ఉళ్ళవరు శివాలయ మాడువరు’ (ఉన్నవాళ్లు శివాలయం కట్టిస్తారు) ఒక్కటి తీసుకో. కాగితాన్ని నిలువుగా మడిచి, ఎడమపక్క మూలం తెలుగు లిపిలో, కుడిపక్క ఇంగ్లీషు రాసుకో. చివర్లో స్థావరం, జంగమం అన్న మాటలొస్తాయి. పాలకురికి సోమనాథుణ్ణి చదివినవాళ్లకి, జంగమదేవరల్ని చూసినవాళ్లకి వాటికి అర్థం చెప్పక్కర్లేదు. రామానుజన్ వాటికి బరువైన ఇంగ్లీషు మాటలు వెతకలేదు. నిలబడేవి, కదిలేవి అని పసిపిల్లలకి తెలిసిన క్రియల్లోకి దించాడు. సంస్కృతం ‘స్థా’, ఇంగ్లీషు ‘స్టాండ్’ ఒకే వేరు నుంచి వచ్చాయని ఎరిగి చేసిన ఎంపిక అది. కవీ, విమర్శకుడూ, భాషాశాస్త్రవేత్తా ముగ్గురూ ఒక్క పంక్తిలో దొరుకుతారు. వ్యాసంలో సగం దీనికే ఇచ్చినా తప్పులేదు.

తర్వాత ప్రాచీన తమిళ సంగం ప్రేమకవితలకి ఆయన అనువాదం ‘ది ఇంటీరియర్ లాండ్‌స్కేప్’ వెనకమాట చదువు. సంగం కవిత్వంలో కురింజి అంటే ఉత్త కొండ కాదు, ప్రేమికుల కలయిక. అలాగని షికాగో కవితలకి ఐదు తిణైలూ (కురింజి లాంటి, ఒక్కో ప్రేమస్థితికి గుర్తయిన నేలలు) తెచ్చి అతికించకు, చాలామంది చేసే పనే అది.

తేదీల దగ్గర జాగ్రత్త. సమగ్ర కవితలు 1995లో అచ్చయ్యాయి కదా అని అందులోవన్నీ చివరి రోజుల రచనలనుకోకు. 1994లో వచ్చిన క్షేత్రయ్య పదాల అనువాదం వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లతో కలిసి చేసింది, ఆయనొక్కడి ఖాతాలో వెయ్యకు. ‘మూడు వందల రామాయణాలు’ వ్యాసాన్ని ఢిల్లీ విశ్వవిద్యాలయం పాఠ్యప్రణాళిక నుంచి తీసేసింది 2011లో. అప్పటికి ఆయన పోయి పద్ధెనిమిదేళ్లు. ఒక్క వాక్యంతో దాటెయ్యి.

చిత్తుప్రతితో పాటు ఆ మడిచిన కాగితం కూడా పంపు. ముందు అదే చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న