షాపులో మిషన్లకు విండోస్ 11 ఎక్కించాలా, వదిలేయాలా

చిత్తూరు

చిరంజీవి మురళికి పెదనాయన ఆశీస్సులు.

విండోస్ 11 బాగలేదని అందరూ అంటాండారు, దాన్ని వదిలేసి తర్వాత వచ్చేదానికే పోదామా అని అడిగినావు. నీ షాపులో మూడు మిషన్లు ఉండాయి. మూడూ మూడు రకాలు, కాబట్టి అన్నిటికీ ఒకటే జవాబు కుదరదు. ముందు తేదీల లెక్క చూడు, అక్కడే సగం తేలిపోతుంది.

మధ్యలో ఒకదాన్ని వదిలేసిన వాళ్లు ఇంతకుముందు నష్టపోలేదు, ఆ మాట నిజమే. 2007 జనవరిలో విస్టా వచ్చినప్పుడు పాత ప్రింటర్లకూ స్కానర్లకూ డ్రైవర్లు తయారుగా లేవు. 512 ఎంబీ ర్యామ్ ఉన్న మిషన్ల మీద అది ఈడ్చుకుంటా నడిచింది. చాలా ఆఫీసులు ఎక్స్‌పీలోనే ఉండిపోయి, 2009 అక్టోబరు 22న విండోస్ 7 వచ్చినాక నిదానంగా మారినాయి. ఎక్స్‌పీకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8 దాకా వచ్చినాయి. అంటే కొత్తది చేతికొచ్చినాక కూడా పాతదాని మీద దాదాపు నాలుగున్నరేండ్లు గడువు మిగిలింది. విండోస్ 8లో స్టార్ట్ బటన్ తీసేసినప్పుడూ అంతే. విండోస్ 10 వచ్చింది 2015 జులై 29న, విండోస్ 7 ఆగిపోయింది 2020 జనవరి 14న. అప్పుడూ నాలుగున్నరేండ్లు.

ఈసారి ఆ గడువు లేదు. 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, 11 తర్వాతిది ఇంకా రానేలేదు. అవతలి గట్టు కనపడని ఏట్లో దిగినట్టవుతుంది.

అప్‌డేట్లు లేని మిషన్‌కు ఏమవుతుందో 2017 మే నెలలో అందరూ చూసినారు. వానాక్రై అనే వైరస్ దూరిన కంతను మూసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. రెండు నెలలు దాన్ని వేసుకోకుండా ఉన్న మిషన్లకే తగిలింది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా అందులో ఉన్నాయి. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానంది. ఒక మిషన్‌కు సోకితే అదే నెట్‌వర్కులో ఉన్న పక్కదానికి ఎవరూ ఏమీ నొక్కకుండానే పాకింది. నీ మూడు మిషన్లూ ఒకే రౌటరుకు తగిలించి, ఫోల్డర్లు షేర్ చేసి పెట్టినావు. వాటిలో కస్టమర్ల ఆధార్ కాపీలు, పాన్ కార్డులు ఉండాయి. ఏ నిర్ణయం తీసుకున్నా, పని అయిపోయిన కాపీలను ఏ రోజువి ఆ రోజే తుడిచేయడం మాత్రం ఇవాళే మొదలుపెట్టు.

జనం చెప్పే ఫిర్యాదుల్లోనూ రెండు రకాలు ఉండాయి. స్టార్ట్ మధ్యలోకి పోయింది, రైట్ క్లిక్ చేస్తే సగం ఆప్షన్లు దాక్కున్నాయి అనేవి చేతి అలవాటుకు సంబంధించినవి. టాస్క్‌బార్ సెట్టింగుల్లో అలైన్‌మెంట్ లెఫ్ట్ పెడితే స్టార్ట్ ఎడమకు వస్తుంది. షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే పాత మెనూనే వస్తుంది. వీటి కోసం భద్రత వదులుకోకూడదు. ప్రింటరు డ్రైవరు లేదు, వేలిముద్ర మిషన్ పలకడం లేదు అంటే మాత్రం నమ్ము, ఆగు. అక్కడ కడుపుకొట్టే నష్టం ఉంటుంది.

ఇప్పుడు కౌంటరు మీది మిషన్. అది ఐ5-8400, అంటే 8వ తరం. దాన్ని 11కి మార్చు. అర్హత చూసే మైక్రోసాఫ్ట్ హెల్త్ చెక్ యాప్ ఈ పీసీ పనికిరాదని చెప్పిందని రాసినావు, కానీ ఆ ప్రాసెసరుకు అర్హత ఉంది. టీపీఎం అనే భద్రతా భాగం ఆ ప్రాసెసరు, బోర్డులోనే ఉంటుంది. అసెంబుల్డ్ మిషన్లలో చాలావాటికి దాన్ని బయాస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, ఆపేసి ఉంచుతారు. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు పీటీటీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం. దాన్ని ఎనేబుల్ చేసి, విండోస్‌లోకి వచ్చి రన్‌లో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ కొట్టు. వెర్షన్ 2.0 అని కనపడాల. ఒకవేళ డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, బయాస్ ముట్టుకోక ముందే దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకో. బయాస్‌లో మార్పు కనపడగానే అది తాళంచెవి అడగొచ్చు.

తర్వాత రన్‌లో ఎంఎస్ఇన్ఫో32 కొట్టి, బయాస్ మోడ్ ఎదురుగా ఏముందో చూడు. లెగసీ (పాత బూట్ పద్ధతి) అని ఉంటే తొందరపడొద్దు. చాలామంది నేరుగా బయాస్‌లోకి పోయి కొత్త బూట్ పద్ధతి యూఈఎఫ్ఐ పెట్టేస్తారు. డిస్కు పార్టిషన్ల లెక్క ఇంకా పాత ఎంబీఆర్ పద్ధతిలోనే ఉంటుంది కాబట్టి బూట్ అయ్యేది ఏదీ దొరకక నల్ల తెర మీద నిలబడిపోతుంది. డేటా పోయిందని గాబరాపడి ఫార్మాట్ కొట్టేస్తారు. నిజానికి డేటా ఎక్కడిదక్కడే ఉంటుంది. బయాస్‌లో పాత బూట్ పద్ధతిని నడిపే సీఎస్ఎం మళ్లీ ఆన్ చేస్తే పాత విండోస్ తెరుచుకుంటుంది.

కాబట్టి ముందు బ్యాకప్. తర్వాత అడ్మినిస్ట్రేటరుగా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి డిస్కును కొత్త జీపీటీ పద్ధతికి మార్చే ఎంబీఆర్2జీపీటీ కమాండును వాలిడేట్, అలో ఫుల్ ఓఎస్ అనే రెండు స్విచ్చులతో నడుపు. వాలిడేషన్ సరిపోయిందని వస్తేనే, వాలిడేట్ తీసి కన్వర్ట్ పెట్టి మళ్లీ నడుపు. డిస్కులో ప్రైమరీ పార్టిషన్లు నాలుగు ఉంటే వాలిడేట్ దగ్గరే ఆగిపోతుంది. మూడుకు మించి ఉండకూడదు. కన్వర్ట్ అయినాకే బయాస్‌లో సీఎస్ఎం ఆపి, యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్ పెట్టు.

సీ డ్రైవులో 40 జీబీ ఖాళీ చూసుకో. ప్రింటరుకూ వేలిముద్ర మిషన్‌కూ 64 బిట్ డ్రైవర్లు ముందే పెన్‌డ్రైవులో దించి పెట్టు. 11లో 32 బిట్ వెర్షన్ లేదు, ఆ డ్రైవర్లు అందులో నడవవు. ఎక్కినాక మొదటి పనిగా ఒక ఏ4 ప్రింటు, ఒక స్కాన్, ఒక వేలిముద్ర తీసి చూడు. కుదరకపోతే సెట్టింగ్స్‌లో రికవరీ కింద గో బ్యాక్ ఉంటుంది, పది రోజులే పనిచేస్తుంది. ఆ పది రోజులూ డిస్క్ క్లీనప్‌తో పాత విండోస్ ఫైళ్లు తుడవొద్దు. తుడిస్తే వెనక్కిపోయే దారి మూసుకుపోతుంది.

రెండోది, దర్శనం టికెట్లు బుక్ చేసే ఐ3 మిషన్. అది 4వ తరం, 11కి పనికిరాదు. తనిఖీలను దాటించి బలవంతంగా ఎక్కించే దారులు ఉండాయి గానీ, అట్లాంటి మిషన్లకు అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ మాట ఇవ్వలేదు. దేని కోసం మారుతున్నామో అదే లేకపోతే ఎందుకు? దాన్ని 10లోనే ఉంచి, పొడిగింపు అప్‌డేట్లకు నమోదు చెయ్యి. వెర్షన్ 22హెచ్2 ఉండాల, రన్‌లో విన్‌వర్ కొడితే తెలుస్తుంది. విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ లింకు ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగినై సెట్టింగులు బ్యాకప్‌కు పెడితే డబ్బు కట్టాల్సిన పని లేదు. అది 2026 అక్టోబరు 13 దాకా. ఆ లోపల ఒక సెకండ్ హ్యాండ్ మిషన్ చూసుకో. ఇంటెల్‌దైతే గీత తర్వాత నాలుగంకెల నంబరు 8తో గానీ 9తో గానీ మొదలవ్వాల, లేదా 10400 లాగా ఐదంకెలది ఉండాల. ఐ5-7400 ఎంత చౌకగా ఇచ్చినా వద్దు.

మూడోది పెండ్లి పత్రికల మిషన్. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకరు, అను తెలుగు ఫాంట్లు ఉన్నది. దీన్ని అసలు మార్చొద్దు, నెట్ కేబులే పీకేయి. వైఫై కూడా ఆపేయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, కొత్త మిషన్ మీద అది సరిగ్గా నడుస్తుందనే భరోసా నీకెవరూ ఇవ్వరు. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఫైల్లో ఉండేది ఇంగ్లీషు అక్షరాల కోడ్లు, వాటిని తెలుగుగా గీసేది ఫాంటు ఒక్కటే. ఫాంటు లేని మిషన్‌లో ఆ ఫైలు తెరిస్తే పైన శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గజిబిజి కనపడుతుంది. అందుకని ఫాంట్లన్నీ, సాఫ్ట్‌వేర్ సెటప్‌లూ రెండు చోట్ల కాపీ పెట్టు. మంచి డిజైన్లను ఫాంట్లు ఎంబెడ్ చేసి పీడీఎఫ్‌గా కూడా దాచు. ఆ మిషన్‌కు ఫైళ్లు పెన్‌డ్రైవులోనే పోవాల. ఆ పెన్‌డ్రైవును ముందు కౌంటరు మిషన్‌లో స్కాన్ చేసినాకే ఇందులో పెట్టు. కస్టమరు తెచ్చిన పెన్‌డ్రైవు మాత్రం దీనికి ఎప్పుడూ తగిలించొద్దు.

కౌంటరు మిషన్ పని ఆషాఢంలోనో మూఢంలోనో పెట్టుకో, పత్రికల పని తక్కువ ఉంటుంది. 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో విడుదలయ్యే రోజూ, దాని ముందు రోజూ వద్దు. రాత్రి షట్టరు దించినాక మొదలుపెట్టి, మిషన్‌ను ఇన్వర్టరు లైనుకు తగిలించు. చిన్న యూపీఎస్ పది పదిహేను నిమిషాలకు మించి ఆగదు, మధ్యలో కరెంటు పోతే విండోస్ సగంలో చెడిపోవచ్చు. బ్యాకప్ డిస్కును పని మొదలుపెట్టే ముందే పీకి ఇంటికి తీసుకుపో, మిషన్‌కు తగిలించి ఉంచొద్దు.

ఎంబీఆర్2జీపీటీ వాలిడేట్ దగ్గర ఏ మెసేజ్ వచ్చినా తెరను ఫోటో తీసి నాకు పంపి, నేను చూసినాకే కన్వర్ట్ కొట్టు.

ఇట్లు,
మీ పెదనాయన