మూత సంగతి మరిచిపోకు

చి. బుజ్జికి,

చెన్నై వేళచ్చేరి ఇంటి పెరట్లో ఇంకుడు బావి తవ్విస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ట్యాంకరు వాళ్ల నంబరు కంఠతా పట్టిన ఊళ్లో నీకైనా ఆ బుద్ధి పుట్టిందని ముచ్చటేసింది. ఆ వెంటనే, ఇంట్లో మూడేళ్ల చంటాడున్నాడు కదా అని గుండె గుభేలుమంది. మూత సంగతి చివర్లో చెప్తాను.

లెక్క తేలికే. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీ డాబా వెయ్యి చదరపు అడుగులు, అంటే 93 చదరపు మీటర్లు. చెన్నైలో ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్లు కురుస్తుంది. నూటికి 85 వంతులే పట్టినా లక్షా పదివేల లీటర్లు, 12,000 లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది! మిగతా 15 ఆవిరికీ చిందుకీ. ఆవిరే కదా అనుకోకు. చెన్నైకి కృష్ణా నీళ్లిచ్చే 1983 తెలుగుగంగ ఒప్పందంలో 15 టీఎంసీలు రాసుకుని, దారిలో ఆవిరికీ ఇంకుడుకీ 3 తీసేసి, సరిహద్దు దగ్గర 12 అన్నారు.

తవ్వే ముందు నేల ఎలాంటిదో చూడు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గుంట తీసి నింపు. 28 లీటర్లు పడతాయి. ఇంకాక మళ్లీ నింపి గడియారం చూడు. బీసెంట్ నగర్ ఇసుకలో అయితే చూస్తుండగానే దిగిపోతాయి. మీది పళ్లికరణై చిత్తడి పక్కనున్న నేల, బంకమన్ను తగలొచ్చు. గంటల తరబడి నిలిస్తే, ఆ పొర దాటి ఇసుక తగిలేదాకా పోవాలన్నమాట. మూడడుగుల వెడల్పు సిమెంటు వరలతో పదిహేనడుగుల బావిలో మూడు వేల లీటర్లు నిలుస్తాయి. సెప్టిక్ ట్యాంకుకు ఎదురు మూల చూసుకో.

ఇక అసలు సంగతి. డాబా గొట్టాన్ని తిన్నగా బోరులోకి వదిలేద్దాం అనే మేస్త్రిని గుమ్మంలోంచే పంపెయ్. 2003లో తమిళనాడు ప్రతి ఇంటికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేసినప్పుడు, గడువు ముంచుకొస్తోందని చాలామంది చేసిన పని అదే. డాబా మీది దుమ్మూ, ఆకులూ, పావురాల రెట్టలూ మొదటి వానకే నేరుగా బోరులోకి దిగాయి. మట్టి పొరల్లోంచి ఇంకితే సగం మురికి అక్కడే ఆగేది, ఇక్కడ ఆ అవకాశమే లేదు. ఒండ్రు బోరు లోపలి గొట్టం, అదే కేసింగు, చీలికల్లో బిగుసుకుంటుంది. నీళ్లు తగ్గుతాయి. జనం వానలు పడలేదని తిట్టుకుంటారు! చెడిన బోరును బాగుచేయడం కంటే కొత్తది వేయడమే నయమనిపిస్తుంది, అంత తలనొప్పి.

అందుకని, ప్రతి వానలో మొదటి రెండు మిల్లీమీటర్లు, అంటే నీ లెక్కకి సుమారు 190 లీటర్లు, వాల్వు తిప్పి కాలువలోకి వదిలెయ్. తర్వాతవి వడపోత తొట్టిలోకి, అక్కణ్ణుంచి బావిలోకి రావాలి. తొట్టి అడుగున పిడికిలంత రాళ్లు, వాటి మీద కంకర, ఆపైన నైలాన్ వల, వల మీద అడుగు మందాన ముతక ఇసుక. వల లేకపోతే ఇసుక కంకరలోకి జారి అంతా ముద్దవుతుంది. మూసుకుపోయేది పైనున్న అంగుళం ఇసుకే. ఏటా సెప్టెంబరులో, ఈశాన్య రుతుపవనాలకి ముందు, దాన్ని గీరి మార్చు. కొందరు ఆ జిగురు పొర వదిలేసి, కింది కంకర కడిగించి డబ్బులిస్తారు, ఏం చెప్పను!

పని జరుగుతోందా అని అనుమానం వస్తే నీళ్లలో కరిగిన లవణాలు చూపే టీడీఎస్ మీటరుతో బోరు నీళ్లు ఇప్పుడోసారి, వానాకాలం అయ్యాక ఓసారి చూసి రాసిపెట్టు. బకెట్టు అంచున పేరుకునే తెల్ల పొర పలచబడిందా లేదా అన్నది మీ అత్తగారు మీటరు లేకుండానే చెప్పేస్తారు.

మూత. బావి గట్టు నేల మీద రెండడుగులు పైకి లేపించు. 2015 డిసెంబరులో వేళచ్చేరి వీధుల్లో పడవలు తిరిగాయి, ఆ మురికి నీళ్లు బావిలో పడితే పడ్డ శ్రమంతా వృథా. మూత బరువైనది, తాళం వేసేదీ అయ్యుండాలి. గాలి రంధ్రాలకి సన్నజాలి పెట్టకపోతే వారం పది రోజుల్లో దోమలు తయారు. శుభ్రం చెయ్యడానికి ఎవర్నీ లోపలికి దింపకు, ఎంత సరదాపడినా సరే. పైనుంచే తోడించు.

గుంటలో నీళ్లు ఎంతసేపు నిలిచాయో చూసి రాత్రికి ఫోన్ చెయ్యి. తాళంచెవి చంటాడికి అందని మేకుకి తగిలించు, వాడు కుర్చీ లాగడం నేర్చేశాడట.

మీ మామయ్య,
నెల్లూరు