దౌహిత్రుడూ మనవడేగా?

సందేహం: మాది తెనాలి దగ్గర పల్లె. ఉద్యోగరీత్యా గుంటూరులో ఉంటున్నాం. వంశవృక్షం రాద్దామని మా పెద్దల ఇనాం భూమి పాత కాగితానికి నకలు తీయించాను. ఫసలీ 1270 అని ఉంది. అందులో మా పూర్వికుణ్ణి ఒకాయనకు ‘దవుహిత్రుడు’ అని రాశారు. అంటే మనవడనేగా? మరి ఆ తాతగారి ఇంటిపేరు మాది కాదే! రాసినవాళ్లు పొరబడ్డారా? పైగా జిల్లా ‘కృష్ణా’ అని ఉంది.

సమాధానం: గుమాస్తా పొరబడలేదండీ, మిమ్మల్ని తికమక పెట్టింది మన తెలుగే. కొడుకు కొడుకూ మనవడే, కూతురి కొడుకూ మనవడే మనకు. మేనత్త, మేనమామ, పెత్తండ్రి, పినతండ్రి అంటూ ఒక్కొక్కరికీ వేరే పిలుపు పెట్టుకున్నవాళ్లం, ఇక్కడ మాత్రం ఒక్క మాటతో సరిపెట్టేశాం. సంస్కృతంలో అలా కుదరదు. పుత్రుడి కొడుకు పౌత్రుడు. దుహిత అంటే కూతురు, ఆమె కొడుకు దౌహిత్రుడు. ‘ఔ’ని ‘అవు’ అని రాయడం పాత రాతల్లో మామూలే. రేపు ‘పవుత్రుడు’ అని కనబడినా కంగారుపడకండి.

కాబట్టి ఆ పెద్దాయన మీ పూర్వికుడికి తల్లివైపు తాత. ఇంటిపేరు వేరుగా ఉండటమే సబబు. కూతురి కొడుకునే దత్తత తీసుకుని ఉంటే ‘దత్తపుత్రుడు’ అనే రాసేవారు, ఇంటిపేరూ మారేది. దస్తావేజుల్లో ‘పుత్రపౌత్ర పారంపర్యంగా’ అని ఇప్పటికీ రాస్తుంటారు చూడండి, అందులో దౌహిత్రుడి ఊసే లేదు. అలాంటిది భూమి అతని పేరున పడిందంటే తాతగారికి కొడుకులు లేకపోయి ఉండొచ్చు. లేదా మీ పూర్వికుడి తండ్రి ఇల్లటం, అంటే అత్తవారింట్లోనే ఉండిపోయే అల్లుడిగా, వచ్చి ఉండొచ్చు. ఇల్లటపు అల్లుడు మామగారి ఆస్తి చూసుకున్నా ఇంటిపేరు తనదే, పిల్లలదీ అదే. ఈ మాటకు సరైన ఇంగ్లీషు దొరకలేదేమో, మద్రాసు కోర్టులు తీర్పుల్లో దాన్నే ‘ఇల్లాటం’ అని వాడేసుకున్నాయి!

మిగతావి చిన్న సంగతులు. ఫసలీ అంటే శిస్తు లెక్కల ఏడు, దానికి 590 కలపండి: 1860 జూలైలో మొదలై 1861 జూన్‌తో ముగిసిన ఏడు అది. 1859లో గుంటూరు జిల్లాను కృష్ణాలో కలిపేశారు, 1904లో గానీ మళ్లీ విడదీయలేదు. అందుకే ఆ జిల్లా పేరు.

1858లో వేసిన ఇనాం కమిషన్ తయారు చేయించిన రిజిస్టర్లలో ఇనాం మొదట ఎవరికిచ్చారో, అప్పటి అనుభవదారు ఆయనకేమవుతాడో రాసే గళ్లున్నాయి. మీ ఊరి రిజిస్టర్‌లో ఆ గడి చూడండి. అక్కడా దౌహిత్రుడనే ఉంటే పై తరాలను తాతగారి ఇంటిపేరుతో వెతకాలి. మీ తండ్రివైపు వరసకు మాత్రం అది పనికిరాదు, దానికి మీ ఇంటిపేరే పట్టుకుని పోవాలి.

ఇంకో మాట. ఇంట్లో పాత పెళ్లి ప్రవర రాసిన కాగితం దొరికితే వదలకండి. అందులో నప్త్రే, పౌత్రాయ, పుత్రాయ అని వరసగా మూడు తరాలుంటాయి. నిఘంటువు తీస్తే నప్త అంటే మనవడనే ఉంటుంది, అది చూసి మళ్లీ తికమక పడతారు. పెళ్లి ప్రవరలో మాత్రం నప్త మునిమనవడు. ఆ మాటకు ముందున్న పేరు ముత్తాతగారిది.